తూట్లు లేని గుండీ

మా అత్త పోయింది. మొన్న పొద్దున దుకాణంలో బడి పిల్లల చొక్కాలకు కాలర్లు కుడుతుంటే ఫోన్ మోగింది. వారం రోజులుగా తల్లి దగ్గరే ఉన్న నా భార్య "అమ్మ పోయింది" అని మాత్రం చెప్పింది. ఏడవలేదు. సగంలో ఉన్న కాలరు చివరిదాకా కుట్టి, దారం తెంపి, మిషన్ మీద గుడ్డ కప్పి లేచాను. అట్లాంటి కబురు విని కాలరు కుట్టడమేంటని మీరు అనుకోవచ్చు. పట్టిన పని నడుమ వదిలితే ఆమెకు అసలు నచ్చేది కాదు. నన్ను ఆమె నడుమ వదిలి ఉంటే ఈ నాలుగు మాటలు రాయడానికి నేను మిగిలేవాణ్ణి కాదు.

నారాయణఖేడ్ బజారులో నాది చిన్న కుట్టు దుకాణం. మా అత్తది మనూర్ దిక్కు ఒక పల్లె. కొంచెం చెలక భూమి, రెండు మేకలు, ఒక్కతే బిడ్డ. మా మామ నా పెళ్లికి ముందే చనిపోయాడు. ఎట్లా అని అడిగితే ఊరివాళ్లు "పానం బాగలేక" అనేవారు. మా అత్త మాత్రం "కల్లు తాగి" అనేది. అంత సూటి మనిషి.

ఆ సూటిదనం నా దగ్గర మాత్రం పనిచేసేది కాదు. మా దిక్కు పాతకాలపు అత్తలు అల్లుడి ముందు కూర్చోరు. తల మీది కొంగు జారనివ్వరు. అల్లుడి మొఖం చూసి మాట్లాడరు. చెప్పాల్సింది గోడకో మేకకో చెప్తారు, అల్లుడు విని తెలుసుకోవాలి. పెళ్లయిన కొత్తలో నాకు నవ్వాగేది కాదు. "ఓ మేకా, బువ్వ పెట్టిన్నని అల్లునికి చెప్పు" అని ఆమె అంటే, ఆ మేక నిజంగానే నా దిక్కు చూసేది. కొన్నాళ్లకు నేనూ మేకకే జవాబు చెప్పడం మొదలుపెట్టాను.

ఇక నా సంగతి. నేను తాగుబోతునని నాకు తెలియదు. నవ్వకండి, నిజమే చెప్తున్నాను. సారా తాగినా బ్రాండి తాగినా తాగినట్టే గాని, కల్లు తాగితే మా దగ్గర ఎవరూ దాన్ని తాగుడు అనరు. మేం తాగేది చెట్టు మీంచి దిగిన కల్లు కాదనీ, నీళ్లలో మత్తు పొడి కలిపి సీసాల్లో పోస్తారనీ అందరికీ తెలుసు. తెలిసే తాగేవాళ్లం. ఒక పూట తప్పితే చేతులు వణికి సూదిలో దారం ఎక్కేది కాదు. రెండు పూటలు తప్పితే మెడ ఒక పక్కకు గుంజుకుపోయేది. ఒక పెళ్లికొడుకు ప్యాంటుకు ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి కుట్టి ఇచ్చాను. ఆ పెళ్లిలో అందరూ నవ్వారట. నేను కూడా నవ్వాను.

నవ్వు ఆగింది మా బిడ్డను చూసినప్పుడు. దానికి అప్పుడు మూడేళ్లు. ఒకనాడు వాకిట్లో మెడ పక్కకు వంచి, చేతులు ఆడిస్తూ నడుస్తోంది. "ఏంది బిడ్డా గట్ల నడుస్తున్నవ్?" అని తల్లి అడిగితే "నాయిన లెక్క" అంది. నా భార్య బట్టలు సర్దుకొని బిడ్డను చంకనేసుకుని హైదరాబాద్ బస్సెక్కింది. సిర్గాపూర్ నుంచి పోయిన కూలీలతో కలిసి ఇళ్లు కట్టేచోట పనికి కుదిరింది. బస్సు కిటికీలోంచి ఒక్కటే చెప్పింది: "మానినంక ఫోన్ చెయ్యి. మానకముందు చెయ్యకు."

మూడోనాడు పొద్దున మా దుకాణం ముందు ఆటో ఆగింది. మా అత్త దిగింది. కొంగు నిండుగా కప్పుకొని, వీధి దిక్కు తిరిగి నిలబడి, నా కుట్టు మిషన్‌తో మాట్లాడింది.

"మిషనూ, అల్లునికి చెప్పు. దవాఖానకు పోవాలె. జల్దీ."

"నాకేమైంది?" అన్నాను, నేనూ మిషన్‌తోనే.

"ఏమైందో ఆడ చెప్తరు. నేను గాయన కోసం రాలే, నా బిడ్డ కోసం వచ్చిన. ఒక మొగోణ్ణి ఇంట్ల పండవెట్టుకొని సంపుకున్న. అప్పుడు నాకు దవాఖాన తొవ్వ తెల్వది. ఇప్పుడు తెలుసు."

అంతే. నేను లేచి వెంట నడిచాను. మంచిబుద్ధి పుట్టి కాదు, ఆమె అక్కణ్ణుంచి కదలదని అర్థమై.

తాగుడు మాన్పించే గది దవాఖానలో ఒక మూలన ఉంది. ఓపీ చీటీ రాయించుకొని నేను బల్ల మీద కూర్చున్నాను. ఆమె పది అడుగుల దూరాన నేల మీద, నాకు వీపు పెట్టి కూర్చుంది. పిలుపు వచ్చాక నేను లోపలికి పోయాను, ఆమె తలుపు వెనకే ఆగింది. సిస్టరమ్మ కార్డు తీసి "తాగుతవా?" అని అడిగింది.

"తాగ."

"మరెందుకొచ్చినవ్?"

"మా అత్తమ్మ తోలుకొచ్చింది."

"కల్లు?"

"కల్లు తాగుత."

సిస్టరమ్మ కలం ఆపి నన్ను చూసింది. "గీ గదిలకు వచ్చినోళ్లంత గిదే చెప్తరు. దినాం ఎన్ని సీసాలు?"

"రెండు" అన్నాను.

తలుపు వెనక నుంచి గొంతు వచ్చింది. "తలుపూ, సిస్టరమ్మకు చెప్పు. ఆరు."

డాక్టరు చూశాక సిస్టరమ్మ నాకు వివరంగా చెప్పింది. కల్లు ఒక్కసారే బంద్ చేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. అందుకని గోలీలు ఇచ్చి, వాటిని మెల్లమెల్లగా తగ్గిస్తారు. పెద్ద దవాఖానలో పడుకొనైనా ఉండాలి, లేదంటే ఇంటి దగ్గరే ఉండి వారానికి రెండుసార్లు ఇక్కడికి వచ్చి చూపించుకోవాలి. ఇంటి దగ్గర ఉంటానంటే ఒక షరతు. గోలీలు నా చేతికి ఇవ్వరు, ఇంటి మనిషి చేతికి ఇస్తారు. ఆ మనిషి పొద్దున ఒకసారి, మాపున ఒకసారి దగ్గరుండి వేసి, మింగాడో లేదో మొఖం చూసి తెలుసుకోవాలి. అది జరగకపోతే ఇక్కడి చికిత్స ఆపి పెద్ద దవాఖానకు పంపుతారు. నేను పడుకోనన్నాను.

"అయితే ఇంటి మనిషి ఎవరు?"

నేను నేల చూశాను. తలుపు వెనక నుంచి "నేనే" అని వినిపించింది.

"లోపలికి రా పెద్దమ్మా. వేలిముద్ర ఎయ్యాలె."

"అల్లుడున్నడు. ఎట్ల రావాలె?"

సిస్టరమ్మ తల కొట్టుకొని నన్ను బయటికి పంపింది. నన్ను చికిత్సలో చేర్చుకున్నప్పుడు నేను ఆ గదిలో లేను. ఇప్పటికీ ఈ మాట చెప్పి మా ఇంట్లో నవ్వుకుంటాం.

తన బిడ్డ లేని ఇంట్లో అత్త ఉండకూడదు, కాబట్టి ఆమె నా ఇంట్లో ఉండలేదు. పొద్దున మొదటి ఆటోకు వచ్చి, సాయంత్రం గోలి వేసి, చివరి ఆటోకు వెళ్లిపోయేది. గోలీలు ఆమె ఆకువక్కల సంచిలో ఉండేవి. అవి నా దాకా వచ్చేసరికి సున్నం, తంబాకు వాసన పట్టేవి. పళ్లెంలో గోలి, గ్లాసులో నీళ్లు పెట్టి, పళ్లెం నా దిక్కు జరిపి, మొఖం వీధి దిక్కు తిప్పుకునేది. "మిషనూ, యాల్లయింది." పగలంతా గడప దగ్గర కూర్చుని గుండీలు కుట్టిపెట్టేది. ఖాళీగా కూర్చోవడం ఆమెకు రాదు.

మొదటి వారం గురించి ఎక్కువ చెప్పను. చెమటలు, వణుకు, చేతుల మీద పురుగులు పాకినట్టు దురద. ఆమె మజ్జిగ గ్లాసు పళ్లెంలో పెట్టి నా దిక్కు జరుపుతూనే ఉండేది. దుకాణానికి నాతో తాగే ఇద్దరు నన్ను పిలవడానికి వస్తే, ఆమె వీధిలో పడుకున్న కుక్కతో అంది: "కుక్కా, వీళ్లకు ఇక్కడ దోస్తులు లేరని చెప్పు." వాళ్లు మళ్లీ రాలేదు. "ఇంకెన్ని రోజులు?" అని నేను విసుక్కుంటే ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే. "రేపటి ముచ్చట రేపటి ఆటోల వస్తది. ఇయ్యాల్టిది మింగుమను."

నేను మింగలేదు. సిగ్గు లేకుండా చెప్తున్నాను. పొద్దుటి గోలి మింగి, మాపటిది బుగ్గలో పెట్టుకునేవాణ్ణి. ఆమె నా మొఖం చూడదు కదా. ఆ ఆచారం నాకు బాగా పనికొచ్చింది. ఆమె ఆటో ఎక్కాక గోలి తీసి, తుడిచి, చొక్కా గుండీల డబ్బాలో వేసేవాణ్ణి. తెల్ల గుండీల మధ్య తెల్ల గోలి, అదే సైజు. ఎవరు కనిపెడతారు? శనగ కోతకని వచ్చే ఆదివారం పగలు తాను ఉండనని, గోలీల వేళకే వచ్చి పోతానని ఆమె ముందే చెప్పి ఉంది. ఆ రోజు అన్నీ ఒక్కసారే మింగితే కల్లు తాగినంత సుఖంగా ఉంటుందని నా లెక్క.

శనివారం మధ్యాహ్నం ఒక సారు చొక్కాకు ఆమె గుండీలు కుడుతోంది. చూపు సరిగ్గా ఆనదు, గుండీ తూట్లు వేలితో తడిమి సూది దించేది. ఒక గుండీకి సూది దిగలేదు. తిప్పి తడిమింది. మళ్లీ తిప్పింది.

"మిషనూ, గీ గుండీకి తూట్లు లేవు."

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆమె దాన్ని నాలుక కొసకు ఆనించింది. తుపుక్కున ఉమ్మింది. తర్వాత డబ్బా మొత్తం ఒడిలో ఒంపుకొని, వేలితో ఒక్కొక్కటే తడిమి, గుండీలు ఒక పక్క, గోలీలు ఒక పక్క పెట్టింది. ఎంతసేపు పట్టిందో తెలియదు. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు.

లేచి వచ్చి నా ఎదురుగా, సరిగ్గా నా ముందు కూర్చుంది. తల మీది కొంగు తీసి భుజం మీద వేసుకుంది.

"ఇటు చూడు" అంది. మిషన్‌తో కాదు.

పెళ్లయిన ఐదేళ్లకు ఆమె మొఖం చూశాను. గదవ మీద మూడు పచ్చబొట్టు చుక్కలు. ఒక కంటిలో పువ్వు. ఆ కళ్లలో కోపం ఉంది, దాని వెనక ఇంకా పెద్ద భయం ఉంది.

"ఏనాటికని దాస్తున్నవ్?"

"ఆదివారానికి" అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"మీ మామ గూడ గిట్లనే దాసి దాసి తాగిండు. మొగని మొఖం మీద అడుగుతె మర్యాద గాదని నేను ఊకున్న. గాయన మర్యాద నిలవడ్డది. మనిషి నిలవలే." ఒక గోలి తీసి నా ముందు పట్టింది. "ఇగ నాకు మర్యాద వద్దు. నోరు తెరువు."

"అత్తమ్మా, బజారు... పది మంది సూస్తున్నరు."

"సూడనియ్యి. నోరు తెరువు."

తెరిచాను. తన చేత్తో గోలి నాలుక మీద పెట్టి, నీళ్లు తాగించి, మళ్లీ తెరవమంది. నాలుక పైకి ఎత్తమంది. బుగ్గలు చూసింది. ఎదురు దుకాణంవాళ్లు పని ఆపి చూస్తున్నారు. సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి. ఆమె చేతులు మాత్రం నా చేతుల కన్నా ఎక్కువ వణుకుతున్నాయి. ఆ సంగతి చూశాకే నాకు ఏడుపొచ్చింది.

ఆదివారం ఆమె శనగ కోతకు పోలేదు. పొద్దంతా నా ముందే కూర్చుంది. సోమవారం దవాఖానలో నా పక్క కుర్చీలోనే కూర్చుంది. దాచిన గోలీలు గుడ్డలో మూటగట్టి బల్ల మీద పెట్టి, "తప్పు నాది సిస్టరమ్మా. మొఖం చూడమన్నవ్. సిగ్గువడి చూడలే" అంది. నేను గబుక్కున "ఆమెది కాదు, నాది" అన్నాను. సిస్టరమ్మ మూట విప్పి చూసి మొఖం ఎర్రగా చేసుకుంది. "గివన్ని ఒక్కపారి మింగితే లేస్తుంటివా నువ్వు? పెద్ద దవాఖానకు రాస్త, పో."

"ఒక్క వారం ఇయ్యి" అంది మా అత్త. బతిమాలినట్టు లేదు, బేరం ఆడినట్టు ఉంది. "వారంల ఒక్క గోలి తప్పినా నేనే బస్సెక్కిచ్చి తోలుకపోత."

సిస్టరమ్మ లోపల డాక్టరుతో మాట్లాడి వచ్చింది. కొత్త కార్డు తీసి పైన 'మొదటి దినం' అని రాసింది. అంతకుముందు గడిచిన రోజులన్నీ కొట్టేసినట్టే. నాకు నీరసం వచ్చింది. ఆమె మాత్రం ఆ కార్డు తీసుకొని సంచిలో భద్రంగా పెట్టుకుంది.

ఆ తర్వాత మూడు నెలలు ఒక్క పూట కూడా తప్పలేదు. ఆమె తప్పనివ్వలేదు. వాన పడినా వచ్చింది. ఆటో లేని రోజు సగం దూరం నడిచి, ఒక ఎడ్ల బండి ఎక్కి వచ్చింది. "అల్లునికి నోట్ల గోలి పెడుతుంది, ఏం కాలమొచ్చె" అని బజారులో ఆడవాళ్లు అంటే, "మీ అల్లుళ్లకు గూడ పెట్టుండ్రి, ఆడ గోలీలు ఇంకున్నయి" అంది. ఒక రోజు ఆ మాట అన్నవాళ్లలోనే ఒకామె మెల్లగా వచ్చి, ఆ గది ఏ పక్క ఉంటదని అడిగింది. మా అత్త కుడుతున్న గుండీ వదిలి, తొవ్వ చూపించడానికి ఆమె వెంట పోయింది.

గోలీలు సగమయ్యాయి, తర్వాత పావు అయ్యాయి. ఒక పొద్దున సూదిలో దారం ఒక్కసారికే ఎక్కింది. నేను ఏమీ అనకుండా కుట్టుకుంటున్నాను. ఆమె చూసింది. "ఇగ ఫోన్ చెయ్యి" అంది.

నా భార్య, బిడ్డ వచ్చిన రోజు ఆమె గడపలోనే ఉంది. బిడ్డ ఆటో దిగి ఉరికొచ్చి నా కాళ్లకు చుట్టుకుంది. నేను తల ఎత్తి మా అత్తను చూద్దామనుకున్నాను. అప్పటికే ఆమె కొంగు తల మీదికి లాక్కొని, వీధి దిక్కు తిరిగి నిలబడింది. "మిషనూ, నేను పోతున్నా, మేకలు ఆగమైతయని చెప్పు" అంది. మూడు నెలలు నా ముందు కూర్చొని నా నోట్లో వేలు పెట్టిన మనిషి, ఆ రోజు నుంచి మళ్లీ గోడలతోనే మాట్లాడింది. నాకు బాధేసింది. కొన్నాళ్లు పోయాక అర్థమైంది. నేను మళ్లీ అల్లుణ్ణి అయ్యానని ఆమె ఒప్పుకోవడం అది.

ఆరేళ్లు గడిచాయి. మొన్న ఆ పల్లెకు పోయేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. ముసలితనం, జ్వరం, అంతకన్నా కారణం లేదు. కాళ్లు మొక్కి, "అత్తమ్మా" అన్నాను. మొఖానికే చెప్పాను.

మూడోనాడు పిట్టకు పెట్టడానికి పోయాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, పూడ్చినచోట పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా చూడడం మా ఆచారం. దాంతోపాటు కల్లు పోస్తారు. కొడుకులు లేని ఇంట్లో అల్లుడే పొయ్యాలి. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు విస్తరిలో పెట్టాక, మా మామ తమ్ముడు సీసా మూత తీసి నా చేతిలో పెట్టాడు.

"పొయ్యి అల్లుడా. పోసి నువ్వు గూడ ఒక గుక్క నోట్లె ఏసుకో. రివాజు."

సీసా చల్లగా ఉంది. వాసన ముక్కుకు తగిలింది. నోట్లో నీళ్లూరాయి. ఎందుకు దాచాలి, ఊరాయి. చాలా భయమేసింది. ఆరేళ్లు ఎటు పోయాయో తెలియలేదు, నిన్నటిదాకా తాగినట్టే ఉంది. నా భార్య మట్టి దిక్కు చూస్తోంది, నా దిక్కు చూడడం లేదు. కావాలనే చూడడం లేదని తెలుసు. నా నోరు తెరిచి చూసే మనిషి ఇక లేదు.

సీసా తిరిగి ఆయన చేతిలో పెట్టాను.

"ఆమె ఎన్నడు ముట్టలే మామా. నేను పొయ్య."

"పొయ్యకుంటె పిట్ట రాదు."

"రాకుంటె కూసుంట."

కూర్చున్నాను. పెద్దవాళ్లు గొణుక్కున్నారు. ఎండ ముదిరింది. ఒక కాకి కరెంటు తీగ మీద వాలి, కాసేపు చూసి ఎగిరిపోయింది. "చెప్పిన గదా" అన్నాడు ఆయన. నేను కదలలేదు. ఒక్కొక్కరే చెట్ల కిందికి జరిగారు. సీసా కూడా వాళ్లతో పోయింది. నా భార్య వచ్చి నా పక్కన కూర్చుంది. తొమ్మిదేళ్ల మా బిడ్డ ఆ పక్కన కూర్చుంది.

మధ్యాహ్నమైనా కాకి రాలేదు. బిడ్డ నా చెయ్యి గుంజింది. "నాయినా, రొట్టెకు చీమలు పట్టినయి. దులపనా?"

"దులపకు" అంది నా భార్య. "తిననీ."

కొత్త మట్టి మీద చీమలు బారు కట్టాయి. ఒక్కో రొట్టె పలుకు పట్టుకొని, మట్టిపెళ్లలు ఎక్కి దిగుతూ, ఆ పొడుగాటి కుప్పను ఈ కొస నుంచి ఆ కొసకు దాటుతున్నాయి.